వాక్స్వాతంత్ర్యము, మతస్వాతంత్ర్యము – ఇవి ఎవరి సొత్తు?

“దేశములో స్వాతంత్ర్యము మితిమీరినది, ఎవరికి తోచినది వారు వ్రాయుచున్నారు, ఎవరికి నచ్చిన దేవుని వారు చాటుచున్నారు, ఈ రెండింటికిని కళ్ళెము వేసిననే గాని జనము బాగుపడదు” అను మాట ఈ నడుమ మన తెలుగువారి పెండ్లిపందిళ్లలోను, పింఛనుదారుల గోష్ఠులలోను, చేతనున్న ఫోనులలోను విరివిగా వినవచ్చుచున్నది. చెప్పువారు దుష్టులు కారు. చదువుకొన్నవారు, బిడ్డలను పెంచి పెద్దచేసినవారు, పలువురు మాకు మిత్రులు. ఐనను ఆ మాట తప్పు అనియు, కోలారు సీమలోని తెలుగువారికి అది ప్రత్యేకించి చేటు తెచ్చు మాట యనియు మేము ఈ వ్యాసమున వాదింపదలచితిమి.

మేము న్యాయవాదులము కాము. మెట్రిక్యులేషను ప్యాసై, గుమాస్తా పనిలో చేరి, ఫైళ్లు కట్టి విప్పి విశ్రాంతి పొందినవారము. గుమాస్తాకు ఒక్క విద్య మాత్రము అబ్బును. కాగితమును పైనుండి క్రిందివరకు చదువుటయే ఆ విద్య. అనుమతి పత్రము చేతికందగానే అర్జీదారుడు “అనుమతించడమైనది” అన్న పై పంక్తిని చదివి, మడిచి జేబులో పెట్టుకొనును. క్రింది షరతుల జోలికి పోడు. కొందరు అధికారులు షరతులనే కంఠస్థము చేసి, పై పంక్తి యొకటి కలదను సంగతినే మరతురు. రాజ్యాంగము విషయమున మన దేశమంతటను జరుగుచున్నది ఇదియే. స్వేచ్ఛ కోరువారు పై పంక్తినే చదువుదురు. స్వేచ్ఛకు జంకువారు క్రింది షరతులనే చదువుదురు. రెండును కలిపి చదువువారు అరుదు.

ముందుగా ఆ కాగితమునే చూతము. 1949 నవంబరు 26న రాజ్యాంగ సభ ఆమోదించి, 1950 జనవరి 26 నుండి అమలునకు వచ్చిన మన రాజ్యాంగములో 19వ అధికరణము పౌరులందరికిని వాక్స్వాతంత్ర్యమును, భావప్రకటన స్వాతంత్ర్యమును ఇచ్చినది. 25వ అధికరణము మనుష్యులందరికిని అంతరాత్మ స్వాతంత్ర్యమును, మతమును అవలంబించుటకు, ఆచరించుటకు, ప్రచారము చేయుటకు హక్కును ఇచ్చినది. మొదటిది పౌరునికి; రెండవది మన గడ్డపై నున్న పరదేశికి సైతము. దీనిని వ్రాసిన ముసాయిదా సంఘములో నెల్లూరు జిల్లాలో జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు సభ్యులు; రాజ్యాంగ సభలో మన దుర్గాబాయిగారు కూర్చుండిరి. కావున ఇది ఎచ్చటినుండియో ఊడిపడినది కాదు. మనవారి చేతులు కూడ పడిన కాగితము.

షరతులును అచ్చటనే కలవు. దేశ భద్రత, ప్రజాశాంతి, సభ్యత, నీతి, పరువునష్టము, నేరమునకు పురికొల్పుట మొదలగు కారణములపై వాక్స్వాతంత్ర్యమునకు “సమంజసమైన” ఆంక్షలు విధింపవచ్చును. మతస్వాతంత్ర్యము ప్రజాశాంతికి, నీతికి, ఆరోగ్యమునకు, తక్కిన ప్రాథమిక హక్కులకు లోబడి యుండవలెను. అనగా కళ్ళెము లేని గుఱ్ఱము ఎన్నడును లేదు. కళ్ళెము కావలెననువారు ఉన్న కళ్ళెమును చూడకయే క్రొత్తదానిని అడుగుచున్నారు.

ఇంతకును ఈ హక్కులు లేనప్పుడు మన సీమ ఎట్లుండెనో ఎరిగినగాని వీని విలువ తెలియదు. 1908లో మైసూరు సంస్థానము వార్తాపత్రికల నిబంధన నొకదానిని చేసి, పత్రికల ఊపిరిని దివాను కచేరీ చేతిలో పెట్టినది. మన ముళబాగిలులో పుట్టిన డి.వి. గుండప్పగారు పత్రికారచయితగా ఎదిగినది అట్టి నీడలోనే. అటు ఆంధ్రదేశమున ఒక్క పాట కట్టి పాడినందుకు గరిమెళ్ల సత్యనారాయణగారు చెరసాలకు పోయిరి. మాలల బ్రతుకును కథగా వ్రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని 1920ల దశకమున మద్రాసు ప్రభుత్వము నిషేధించినది. ఆనాడును పెద్దలు కొందరు “ఇట్టివారికి కళ్ళెము వేయవలసినదే” అనియే యుందురు. నేడు ఆ పాటను మనము సభలలో పాడించుచున్నాము. ఆ నవలను పిల్లలచే చదివించుచున్నాము.

అన్నిటికంటె మన గుండెకు దగ్గరైనది విదురాశ్వత్థము. నేడది చిక్కబళ్లాపుర జిల్లాలో గౌరిబిదనూరు తాలూకాలో ఉన్నది. 2007 వరకు మన కోలారు జిల్లాలోనిదే. పినాకినీ తీరమున, విదురుడు నాటెనని చెప్పుకొను రావిచెట్టు ఒకప్పుడుండిన, ఏటేట జాతర జరుగు పుణ్యస్థలమది. 1938 ఏప్రిలు 25న అచ్చటి జనము కాంగ్రెసు జెండాను ఎగురవేయబూనిరి. జెండా కట్టరాదు, సభ చేయరాదు, మాటాడరాదని సర్కారు నిషేధాజ్ఞ. పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రభుత్వపు లెక్కకు చచ్చినవారు పదిమంది. జనము చెప్పుకొను లెక్క ముప్పదికి పైబడినది. పిదప సర్దారు పటేలు, ఆచార్య కృపలానీ వచ్చి దివాను మీర్జా ఇస్మాయిలుతో మాటాడిన మీదట, సంస్థానపు జెండాతో పాటు కాంగ్రెసు జెండాను కూడ ఎగురవేయుటకు ఒడంబడిక కుదిరినది. జాతరకు పోవు హక్కు, జెండా పట్టు హక్కు ఒకే చెట్టు క్రింద ఒకే నాడు కూలిన చోటది. మతస్వేచ్ఛ వేరు, మాటస్వేచ్ఛ వేరు అనుకొనువారు ఒకమారు విదురాశ్వత్థమునకు పోయి ఆ స్మారకము ఎదుట నిలువవలయును.

సంస్థానములు పోయిన తరువాత సర్కారునకు నోరు మూయించు కోరిక తీరినదా? తీరలేదు. ‘క్రాస్ రోడ్స్’ అను ఇంగ్లీషు వారపత్రిక తన యెల్లలలోనికి రారాదని మద్రాసు ప్రభుత్వము ఉత్తరువు చేయగా, 1950లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. మరుసటి యేడే, అనగా 1951లో, మొదటి సవరణ చేసి “ప్రజాశాంతి” అను మాటను షరతులలో చేర్చిరి. అయితే ఆంక్ష “సమంజసమైనది” కావలెనను మాటయు అప్పుడే చేరినది. పట్టినది ఒక చేత, విడిచినది ఒక చేత. 1975 జూను నుండి 1977 వరకు అత్యవసర పరిస్థితిలో పత్రికలకు సెన్సారు వచ్చినప్పుడు ఏది అచ్చు కావలెనో అధికారియే నిర్ణయించెను. ఆనాడు మేము బాలురము. పెద్దలు మాట తగ్గించుకొని మాటాడుట మాకు గుర్తున్నది. “కళ్ళెము” కోరు మిత్రులలో పలువురు మా యీడువారే. వారికి ఆ కాలము ఎట్లు మరపునకు వచ్చినదో మాకు తెలియదు.

మతస్వేచ్ఛ వలన కలిగిన మేలును చూతము. బంగారు గనులలో, అనగా మారికుప్పము, చాంపియన్ రీఫ్సు, ఊరుగాము మొదలగు చోట్ల, తెలుగువారు, తమిళులు, కన్నడిగులు, ముసల్మానులు, క్రైస్తవులు భూమి క్రింద ఒకే చీకటిలో పనిచేసి, పైకి వచ్చి తమ తమ దేవునికి మ్రొక్కుకొనిరి. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలోనే, పండిత అయోతిదాసుగారి బౌద్ధ సంఘమునకు మారికుప్పమున శాఖ యేర్పడినది. అంటరానివారని త్రోసివేయబడిన శ్రామికులు తమకు గౌరవమిచ్చు ధర్మమును తామే వెదకికొనిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి, బంగారము పోయినది. గుడి, మసీదు, చర్చి ఒకే వీధిలో నిలిచియుండుట మాత్రము పోలేదు. ఇది ఆ గనులు మనకు మిగిల్చిన ఆస్తి.

ఇంకొక మేలు. కేరళలో యెహోవా సాక్షుల మతమునకు చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతమునకు మర్యాదగా లేచి నిలిచిరి. కాని తమ విశ్వాసము చొప్పున పాడలేదు. బడినుండి వెడలగొట్టిరి. 1986లో సుప్రీంకోర్టు వారిని మరల చేర్చుకొనుమని తీర్పు చెప్పినది. కోట్లాది జనములో ముగ్గురు పిల్లలు! వారి వెనుక ఊరు లేదు, ఓట్లు లేవు, బాజాలు లేవు. రాజ్యాంగము వారి వైపు నిలిచినది. మా వాదమునకు మూలమిదియే. ఈ హక్కులు గుంపు కొరకు పుట్టినవి కావు. గుంపు ఎదుట ఒంటరిగా నిలిచిన మనిషి కొరకు పుట్టినవి. గుంపునకు హక్కెందుకు? దానికి బలము ఉండనే ఉన్నది.

ఇక నష్టములు. ఎదుటివారు చెప్పునవి మూడు. వానిని మేము కాదనము. ఒక్కొక్కదానికి బదులు చెప్పెదము.

మొదటిది మైకు. గుడిలో సుప్రభాతము, మసీదులో బాంగు, చర్చిలో స్వస్థత సభ, వీధిలో గణపతి ఉత్సవము – అన్నియు మైకులోనే. మా తమకలో పెద్ద ఆసుపత్రి కలదు. అట్టి చోట్ల రోగికి నిద్రయే ఔషధము. దేవునికి చెవుడు లేదు. ఉన్నదనుకొన్నను రోగి చేసిన తప్పేమి? అయితే దీనికి మతస్వేచ్ఛను తగ్గించుట మందు కాదు. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు ఆరుబయట మైకు కూడదు. నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లకు మించరాదు. ఆసుపత్రికి, బడికి, కోర్టుకు నూరు మీటర్ల లోపు నిశ్శబ్ద ప్రదేశముగా ప్రకటింపవచ్చును. ఆ యేడే మద్రాసులోని ఒక చర్చి వ్యాజ్యమున సుప్రీంకోర్టు, పొరుగువాని శాంతిని చెరచి ప్రార్థన చేయుమని ఏ మతమును చెప్పలేదని స్పష్టపరచినది. శాసనము కలదు, అమలు చేయు చేయి లేదు. అమలు చేసినను పొరుగు మతమువాని మైకునే కొలుతురు, తమ మైకును కొలువరు. కొలబద్ద ఒక్కటే కావలెను.

రెండవది నింద. ఒకడు మన దేవుని తిట్టెను, ఒకడు మన పురాణమును ఎగతాళి చేసెను, కావున నోరు మూయవలెనందురు. దీనికిని శిక్షాస్మృతిలో 1927లోనే 295-ఎ అను సెక్షను చేరినది. 1957లో సుప్రీంకోర్టు దానిని నిలబెట్టుచు, బుద్ధిపూర్వకముగా, ద్వేషముతో చేసిన నిందకే అది వర్తించునని చెప్పినది. పాత స్మృతి స్థానమున 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను అట్టి సెక్షను కలదు. ద్వేషముతో తిట్టుట వేరు. ఆచారమును ప్రశ్నించుట వేరు. ఈ భేదమును చెరిపినచో మొదట చెరసాలకు పోవలసినవాడు మన వేమన. రాళ్లకు మ్రొక్కువారిని, వేషధారులను, కులగర్వులను ఆయన నిందించినంతగా నేటి నాస్తికుడెవడు నిందించెను? బ్రౌనుదొర ఆ పద్యములను సేకరించి 1829లో అచ్చువేయించెను గాని, ఆయన మన వీధి వాట్సాపు గుంపులో నుండినచో ఆ పుస్తకము వెలుగు చూచెడిదా? మన సీమవాడే యైన కైవారము నారాయణ తాతగారు గాజుల బేరము చేసికొనుచు, తెలుగులోను కన్నడములోను కీర్తనలు చెప్పి, పై పై ఆచారములను ఎండగట్టెను. నేడు ఆయనకు గుడి కట్టి పూజించుచున్నాము. చచ్చినవాని విమర్శకు హారతి, బ్రతికినవాని విమర్శకు పోలీసు ఫిర్యాదు – ఇది ఏమి న్యాయము?

మూడవది మతమార్పిడి. పేదవానికి ఆశ చూపి, రోగికి అద్భుతములు చెప్పి మతము మార్చుచున్నారందురు. మోసము మోసమే, బలవంతము బలవంతమే. 1977లో సుప్రీంకోర్టు, ప్రచారము చేయు హక్కులో ఎదుటివానిని మార్చు హక్కు చేరదని తీర్పు చెప్పినది. కాని తనకు తానై తలచి మారువాని అంతరాత్మపై మనకేమి అధికారము? వాడు ఎందుకు పోయెనని వానిని అడుగుటకు ముందు, వాడు ఉన్నన్నాళ్లు మనము వానిని ఎట్లు చూచితిమని మనలను మనము అడుగవలసియున్నది. 2021 డిసెంబరులో మన శ్రీనివాసపురమున కొందరు క్రైస్తవుల పుస్తకములను నడివీధిలో తగులబెట్టిరి. కాగితముతో బ్రతికినవారము, కాగితము కాల్చుట మాకు సహింపరాని పని. పుస్తకము తప్పైనచో బదులు పుస్తకము వ్రాయవలెను. నిప్పు ఎన్నడును వాదము కాజాలదు.

ఈ మూడు నష్టములను మించిన నష్టము ఒకటి కలదు. దానిని మా మిత్రులు చెప్పరు. అది గుంపు తన బలమునకు మతస్వేచ్ఛ యని పేరు పెట్టుకొనుట. 2022 సెప్టెంబరులో మన మాలూరు తాలూకా ఉల్లేరహళ్ళిలో గ్రామదేవత ఉత్సవము జరిగినది. ఊరేగింపునకు తెచ్చిన దేవర కొయ్యను పదునైదేండ్ల దళిత బాలుడొకడు తాకెను. ఊరి పెద్దలు కూడి, మైల పడినదని, శుద్ధికై 60,000 రూపాయలు జుల్మానా కట్టుమని ఆ కుటుంబమును శాసించిరి. సంగతి బయటపడి పోలీసు కేసు నమోదైనది. పత్రికలలో చదివి మన సంఘీయులలో ఒకరు “అది వారి ఆచారము, ఆచారమును ఆచరించుట వారి హక్కు కదా” అనుట మేము వింటిమి.

కాదు. అది హక్కు కాదు. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. దానిని పాటించుట నేరము. మతసంప్రదాయములకు తమ వ్యవహారములను తాము నడపుకొను హక్కును 26వ అధికరణము ఇచ్చిన మాట నిజమే. ఆ మాటనే పట్టుకొని దక్షిణ కన్నడములోని మూల్కీ వేంకటరమణ దేవస్థానమువారు, అందరిని గుడిలోనికి రానీయుమన్న శాసనమును ఎదిరించిరి. 1957లో సుప్రీంకోర్టు, సంప్రదాయపు హక్కు కంటె హిందువులందరికి గుడి తలుపు తెరచు 25వ అధికరణపు భాగమే పైచేయియని తీర్పు చెప్పినది. తమకు ప్రత్యేకమైన కొన్ని సేవలను మాత్రము వారికి విడిచినది. అనగా సంప్రదాయమునకును చోటున్నది. కాని మనిషిని త్రోసివేయుటకు కాదు. ఉల్లేరహళ్ళిలో మతస్వేచ్ఛ కోల్పోయినవాడు ఎవడు? దేవర కొయ్యను భక్తితోనో, బాల్యపు ఉబలాటముతోనో తాకిన ఆ బాలుడు. 25వ అధికరణము వాని కొరకు వ్రాయబడినది. వానికి జుల్మానా వేసిన పంచాయతీ కొరకు కాదు.

ఇట్లే “జనము కోపించుచున్నారు, కావున సభ ఆపుడు, సినిమా ఆపుడు, పుస్తకము ఆపుడు” అను వాదమును తరచుగా వినుచున్నాము. 1989లో ఒక తమిళ సినిమా వ్యాజ్యమున సుప్రీంకోర్టు, అల్లరి చేయుదుమను బెదరింపునకు లొంగి భావప్రకటనను అణచరాదని, శాంతిని కాపాడుట సర్కారు విధియని చెప్పినది. అల్లరి చేయువానిని విడిచి, మాటాడినవానిని పట్టుకొనుట తేలిక పని; గుమాస్తా భాషలో చెప్పవలెనన్న ఫైలు త్వరగా మూయు ఉపాయము. కాని ఒకమారు ఫైలు అట్లు మూసితిమా, మరుసటి అర్జీ ఇంకను పెద్ద గుంపుతో వచ్చును.

ఇప్పుడు మన సంగతి. కోలారు సీమలో ఇంట తెలుగు, వీధిలో కన్నడము, గనులలో తమిళము. ఈ మూటిని కలిపి మాటాడి బ్రతికినవారము. రాష్ట్రపు భాష కన్నడము; దానిని నేర్చుట మన విధి, గౌరవించుట మన ధర్మము. ఐనను మన భాషను, లిపిని కాపాడుకొను హక్కును 29వ అధికరణము, బడులు పెట్టుకొను హక్కును 30వ అధికరణము మనకిచ్చినవి. 1956లో ఏడవ సవరణతో చేరిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో చెప్పు సదుపాయము చేయవలెనన్నది. ఈ సంఘము, ఈ సంచిక, ఈ వ్యాసము ఆ కాగితపు నీడలోనే బ్రతుకుచున్నవి. 30వ అధికరణములో మతమును భాషయు ఒకే వాక్యమున ఉన్నవి. అల్పసంఖ్యాకులైన క్రైస్తవులకు, ముసల్మానులకు ఆ వాక్యము వలదనువారు, అల్పసంఖ్యాకులైన తెలుగువారికి అదే వాక్యము కావలెనని ఏ నోటితో అడుగుదురు? వాక్యమును నడుమకు చించి మనకు కావలసిన ముక్కను దాచుకొనుట సాధ్యము కాదు. సరిహద్దు దాటి చిత్తూరునకు పోయినచో మనము పెక్కుమంది, ఇచ్చట కొద్దిమంది. ఎక్కువమంది ఉన్నచోట నోరు పెద్దది చేసి, తక్కువమంది ఉన్నచోట హక్కులు అడుగువాని మాటకు విలువ యుండదు.

కావున మా విన్నపము నాలుగు మాటలు. మైకును కొలుచునప్పుడు ముందు మన గుడి మైకును కొలువవలెను. ఫోనులో వచ్చిన ద్వేషపు సందేశమును నిజము విచారింపక పదిమందికి పంపుట వాక్స్వాతంత్ర్యము కాదని మన ఇంటి పిల్లలకు, పిల్లలకంటె ముందుగా మన ఈడువారికి చెప్పవలెను. విమర్శకు విమర్శతోనే బదులియ్యవలెను. ఆ బదులుకు ఈ సంచికలో చోటియ్యవలెను, ఈ వ్యాసమును ఖండించువారికి సైతము. అన్నిటికంటె ముఖ్యముగా, ఊరంతయు ఒకవైపు, ఒక్క మనిషి ఒకవైపు నిలిచినప్పుడు, ఊరితో కలియుటకు ముందు ఆ ఒక్కని మాట విని, పిదప నిర్ణయింపవలెను.

స్వేచ్ఛవలన నష్టము లేదని మేము అనము. వాన వలనను నష్టము కలదు. గోడలు కూలును, త్రోవలు తెగును. అందుకని నీటి చుక్కకై చెరువుల వైపు ఆశతో చూచు కోలారు రైతు వాన వలదని కోరునా? కట్ట గట్టిపరచుకొనును, తూము బాగుచేసికొనును. శాసనము కట్ట, న్యాయస్థానము తూము. రెండును మనకు కలవు. వానిని బాగుచేసికొనుట విడిచి ఆకాశమునకు తలుపు వేయుదమనుట వివేకుల మాట కాదని పాఠక మహాశయులకు మనవి చేయుచున్నాము.